ఒత్తులత్తకి జోడు కుదిరింది

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆమెను అందరూ ఒత్తులత్త అనే పిలుస్తారు. ఆ పేరు మొదట పెట్టింది తమ్ముడి పిల్లలు. అత్త చేతికి ఏ కాగితం చిక్కినా సరే, ఒత్తు ఎగిరిపోయిన చోటల్లా పెన్సిలుతో పొడుస్తుందని వాళ్ల బాధ. మందు సీసా మీది చీటీని కూడా వదలదు. పేరు ఇల్లు దాటి వీధిలోకి, వీధిలోంచి ప్రెస్సులోకి నడిచొచ్చింది. ఇప్పుడు ఆమెకన్నా పెద్దవాడైన యజమాని కూడా ప్రూఫు అందిస్తూ ఒత్తులత్తా అంటాడు. ఆమెకి కోపం రాదు. తప్పుల్లేని పేరు, ఒత్తులన్నీ ఉన్నాయి, ఇంకేం కావాలి అంటుంది.

ఆమెకి పెళ్లి కాలేదు. అందుకు కారణం కూడా ఒత్తులేనని ఇంట్లోవాళ్లు గొణుక్కుంటారు. వయసులో ఉన్నప్పుడు ఓ మంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు ముచ్చటపడి ఉత్తరం రాశాడు. ఈవిడ అందులో తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది, కింద 'పరవాలేదు' అని రాసి తిప్పి పంపింది. ఆ తరువాత అటునుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పోతే పోయాడులెమ్మని ఈవిడా ఊరుకుంది. యాభై దాటాక ఆ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ప్రెస్సు మేడ మీద, మూడో అంతస్తులో, రెండు గదుల్లో ఒక్కతే హాయిగా ఉంటోంది.

అలాంటి మనిషికి కొండల పిచ్చి ఎలా పట్టిందంటే, అదీ అచ్చుతప్పుల చలవే. ఊళ్లో ఒక నడక సంఘం ఉంది. వాళ్లు కొండదారుల మీద చిన్న పుస్తకం అచ్చుకిచ్చారు. టైపు చేసినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడోగాని, కొండ అన్న చోటల్లా కుండ అని కొట్టాడు. 'ఉదయాన్నే కుండ ఎక్కడం ఆరోగ్యానికి మంచిది', 'కుండ దిగేటప్పుడు మోకాళ్లు జాగ్రత్త', 'కుండ మీద నీళ్లు దొరకవు'. ఒత్తులత్త పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుండలన్నిటినీ కొండలు చేసుకుంటూ కూర్చుంది. చివరి కుండ దగ్గరికి వచ్చేసరికి, ఇంతమంది ఎక్కుతున్నారు, నేనెందుకు ఎక్కకూడదు అనిపించింది. అనిపించడమే తడవు, సంఘంలో పేరు ఇచ్చేసింది.

ఇచ్చిన పేరు నిలబడలేదు. ఆ సంఘానికో నియమం ఉంది. యాభై దాటి మొదటిసారి వచ్చేవాళ్లకి, ఊళ్లోనే ఉన్న ఇంట్లోవాళ్లెవరైనా ఫోను చేసి, మాకు అభ్యంతరం లేదు అని కార్యదర్శికి చెప్పాలి. ఇంట్లోవాళ్లంటే ఆమెకి ఊళ్లో ఉన్నది తమ్ముడొక్కడే. అతను బీమా ఏజెంటు. మెట్టు కనబడితే అతనికి జారడం కనబడుతుంది, కిటికీ కనబడితే పడడం కనబడుతుంది. అభ్యంతరం లేదని చెప్పమంటే, అక్కకి కళ్లు తిరుగుతాయండీ, పేరు కొట్టేయండి అని చెప్పాడు. ఆమెకి జన్మలో కళ్లు తిరిగింది లేదు. ఆమె నిలదీస్తే, నీకేమైనా అయితే నలుగురూ నన్నే అంటారక్కా అని నచ్చజెప్పబోయాడు. ఆమె తలుపు మూసేసుకుంది. చాలా ఏడ్చింది కూడా, కానీ అది అతనికి తెలియదు.

ఈ ఏడు మళ్లీ నడక ప్రకటించారు. ఆదివారం బయలుదేరాలి, శుక్రవారం రాత్రిలోగా ఇంట్లోవాళ్ల మాట అందాలి. తమ్ముణ్ని ఎలా ఒప్పించాలో ఆమెకి బొత్తిగా తోచలేదు. తోచకపోయినా సన్నాహాలు ఆపలేదు. సంచిలో ప్రెస్సువాళ్ల పాత నిఘంటువు పెట్టుకుని మూడంతస్తులూ ఎక్కి దిగడం మొదలుపెట్టింది. కింద వాటాలో దర్జీ, సంచిలో ఏముందని అడిగితే, తెలుగు భాష మొత్తం అంది. కొండ పటం గోడకి అంటించి, ఎక్కడ నీళ్లు తాగాలో, వాన కమ్ముకొస్తే ఎక్కడినుంచి వెనక్కి తిరగాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది. ఇక మిగిలింది బూట్లు.

బూట్ల కొట్టుకి సాయంత్రం పూటే వెళ్లింది. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి, అప్పుడు సరిపోయినవే కొండ మీద సరిపోతాయి అని పుస్తకంలో ఆమే దిద్దింది. మందపాటి మేజోళ్లు తనే తీసుకెళ్లింది. కొట్టు యజమాని ఆమెను ఎగాదిగా చూసి, మెత్తటి బూట్లు ముందు పెట్టి, మీ వయసుకి ఇవి హాయిగా ఉంటాయండీ అన్నాడు.

"కొండెక్కేది నా వయసు కాదు నాయనా, నా కాళ్లు" అంది ఒత్తులత్త.

ఆడవాళ్ల వరసలో ఉన్నవన్నీ పూల బొమ్మలవి, చీలమండ కూడా దాటనివి. ఆమె మగవాళ్ల వరసకి వెళ్లి చిన్న సైజు అడిగింది. ఒక జత మడమ దగ్గర లేచింది. ఇంకోటి వేళ్లు నొక్కింది. మరోటి అన్నివిధాలా బాగుందిగాని, అడుగు జారుడు. చివరికి ముదురు గోధుమ రంగుది, చీలమండ పైదాకా వచ్చేది ఒకటి తొడుక్కుని, లేసుల కింది తోలు నాలుక సర్ది, లేసులు బిగించి, కొట్లో ఉన్న ఏటవాలు బల్ల మీద దిగి చూసింది. వేళ్లు ముందుకి తగల్లేదు, మడమ కదల్లేదు. మళ్లీ ఎక్కి మళ్లీ దిగింది. కొట్టువాడు విసుక్కునేదాకా దిగింది. ఇంట్లోనే వేసుకు తిరిగి అలవాటు చేసుకోండి, అడుగు మాయకపోతే వారంలోగా వెనక్కి తీసుకుంటాను అన్నాడతను.

ఆ సంతోషంలో ఇంటికొస్తే, పొరుగూరినుంచి చెల్లెలి ఫోను. ఆవిడ వంట చేస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడే రకం. కొండ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుంది ఒత్తులత్త. కానీ నోరు ఊరుకోదుగా, సగం జారింది.

"ఇన్నాళ్లకి నాకు సరైన జోడు దొరికిందే" అంది. "తమ్ముడికి మాత్రం చెప్పకు."

అవతల గరిటె చప్పుడు ఆగిపోయింది. ఎక్కడ చూశావని చెల్లెలు నెమ్మదిగా అడిగింది. బజారు మలుపులో కొట్లో అని చెప్పింది ఈవిడ. ఎలా ఉందంటే, ముదురు గోధుమ రంగు, కాస్త బరువు, ముందు గట్టిగా ఉన్నా పోనుపోను మెత్తబడుతుంది అంది. నాలుక కొంచెం మందమేగాని, దానివల్ల ఇబ్బందేమీ లేదంది.

"వారం రోజులు ఇంట్లో పెట్టుకుని చూడమన్నారు. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చట."

"ఇంట్లోనా?" అంది చెల్లెలు.

"ఇంట్లోనేగా. బయట తిప్పితే మళ్లీ తీసుకోరు."

చెల్లెలు పొయ్యి కట్టేసి నేలమీద చతికిలబడింది. తరువాత ఆమె చేసిన పని, తమ్ముడికి చెప్పకు అని అక్క అంది గనక, వెంటనే తమ్ముడికి ఫోను చేయడం.

మర్నాడు ప్రెస్సులో ఒత్తులత్త ఎవరిదో పెళ్లిపత్రిక ప్రూఫు చూస్తుండగా తమ్ముడి ఫోను వచ్చింది. గొంతు సవరించుకున్నాడు, నీళ్లు నమిలాడు, ఎండల గురించి మాట్లాడాడు. చివరికి అసలు సంగతికొచ్చాడు.

"అక్కా, జోడు విషయం విన్నాను. వాళ్లది ఎలాంటి కుటుంబం?"

గుట్టు బయటపడిందని ఆమె కంగారుపడింది. వెంటనే, బూట్లకి కుటుంబమేమిటి అనుకుంది. నిన్న తను అన్న మాటలన్నీ మొదటినుంచీ మనసులో చదువుకుంది. గోధుమ రంగు, మందమైన నాలుక, వారం రోజులు ఇంట్లో. ముప్ఫై ఏళ్లుగా అందరి తప్పులూ పట్టే మనిషి, తన మాటలో అంత పెద్ద తప్పు ఇప్పుడు చూసింది. పెన్సిలు పళ్లమధ్య పెట్టుకుని నవ్వు ఆపుకుంది.

దిద్దేయడం ఒక్క మాట పని. కానీ ప్రూఫుల్లో ఒక పద్ధతుంది. దిద్దబోయి, అక్కర్లేదనుకుంటే ఆ మాట కింద వరసగా చుక్కలు పెడతారు. ఉన్నది ఉన్నట్టే ఉంచమని దానర్థం. ఒత్తులత్త ఎదురుగా ఉన్న కాగితం మూల జోడు అని రాసింది, కింద చుక్కలు పెట్టింది.

"శుక్రవారం సాయంత్రం రండి. మీరే చూద్దురుగాని" అని ఫోను పెట్టేసింది.

శుక్రవారం సాయంత్రం తమ్ముడు, మరదలు, బస్సెక్కి వచ్చిన చెల్లెలు ముగ్గురూ మూడంతస్తులూ ఎక్కి వచ్చారు. తమ్ముడికి ఆయాసం, అక్కకి లేదు. అతను కూర్చోబోతూ పడకగదిలోకి తొంగిచూశాడు. మంచం పక్కన బరువైన గోధుమ రంగు మగబూట్లు, పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. మూసిన స్నానాలగది తలుపు వెనకనుంచి నీళ్ల చప్పుడు. అతను గబుక్కున చెల్లెలి మోచేయి పట్టుకుని బూట్లు చూపించాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీ పెడతానని ఒత్తులత్త వంటగదిలోకి పారిపోయింది, లేకపోతే అక్కడే నవ్వేసేది.

మరదలు ఆమె వెనకే వచ్చింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మొగుడి భయాలన్నీ మోసి మోసి ఆమె మాటలు అరిగిపోయాయి. కప్పులు తుడుస్తూ, తలెత్తకుండా అడిగింది.

"వదినా, ఆయన మంచివాడేనా? మిమ్మల్ని నవ్విస్తాడా?"

ఒత్తులత్తకి నవ్వు ఆగిపోయింది. ఆ ప్రశ్న మిగతా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. ఈ ఒక్క మనిషిని మోసం చేస్తున్నందుకు ఆమెకి నిజంగా సిగ్గేసింది. జవాబు చెప్పేలోపే అవతలినుంచి తమ్ముడి గొంతు వినబడింది. స్నానాలగది తలుపుతో మాట్లాడుతున్నాడు.

"అయ్యా, మీరు బయటికి రావాలి. పెద్దమనుషుల్లా మాట్లాడుకుందాం. మా అక్క అమాయకురాలు, ఆమె వెనక మేమున్నాం. మీకు ముందునుంచీ ఏమైనా జబ్బులున్నాయా?"

తలుపు పలకలేదు. దాని కిందనుంచి నీళ్లు మాత్రం వచ్చాయి, అతని కాళ్లు తడిశాయి. మరదలు గబగబా వెళ్లి తలుపు తోసింది. లోపల పొర్లుతున్న బకెట్టు, దాని మీద వదిలేసిన కుళాయి. ఆమె కుళాయి కట్టేసింది. తమ్ముడు తలుపు వెనక కూడా చూశాడు.

ఒత్తులత్త తాపీగా మంచం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. లేసులు ముడివేసి, గది ఈ చివరినుంచి ఆ చివరికి దబదబా నడిచి వచ్చి నిలబడింది.

"ఇదే నా జోడు" అంది.

నాలుక మందమన్నది దీని సంగతా అని చెల్లెలు నీరసంగా అడిగింది. మరదలు మొహం చెంగులో దాచుకుంది, నవ్వుతో భుజాలు కదులుతున్నాయి. తమ్ముడు కుర్చీలో కూలబడి తుడుచుకోవాల్సిన చెమటంతా తుడుచుకున్నాడు. గుండెల మీది బరువు దిగిపోయిన ఆనందంలో మాట అదుపు తప్పింది.

"బూట్లేనా అక్కా? కొండకేగా? వెళ్లు, ఏ కొండకి కావాలంటే ఆ కొండకి వెళ్లు."

ఆమె అప్పటికే కార్యదర్శికి ఫోను కలిపి, అతని చెవి దగ్గర పెట్టింది. ఆ మాటే చెప్పమంది. చెప్పేశాడు. పోయినసారి కళ్లు తిరుగుతాయన్నది తన పొరపాటని కూడా చెప్పాడు. ఫోను పెట్టేశాక గాని తనేం చేశాడో అతనికి తెలియలేదు. బీమా ఏజెంటు చేతే సంతకం పెట్టించుకున్నావు కదక్కా అని తల పట్టుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే ఒత్తులత్త ఎలా అవుతుంది? అందరికీ టీ ఇచ్చి, తనూ కూర్చుని, నెమ్మదిగానే అంది.

"మీకు కంగారు పుట్టింది, పరుగెత్తుకొచ్చారు. బాగానే ఉంది. కానీ ఇన్నాళ్లకి అక్కకి ఓ తోడు దొరికిందట, పోనీలే అని ఒక్క క్షణమైనా సంతోషపడ్డారా? నాకు నిజంగా ఎవరైనా దొరికి ఉంటే, అతన్ని కూడా ఇలాగే స్నానాలగది తలుపు దగ్గర పరీక్ష చేసేవాళ్లేగా. అది నాకు కష్టంగా ఉంది."

చెల్లెలు ఏడ్చింది. తమ్ముడు టీ చల్లారిపోయేదాకా కప్పులోకే చూశాడు. ఒక్కరు అడిగారు, ఆయన నవ్విస్తాడా అని, అంది ఒత్తులత్త. ఎవరని ఆమె చెప్పలేదు. మరదలు కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

ఆదివారం ఒత్తులత్త కొండ ఎక్కింది. ఎక్కేటప్పుడు ఆయాసపడింది, అందరికన్నా వెనకబడింది, ఒకచోట కూర్చుని ఇక నావల్ల కాదంది కూడా. మళ్లీ లేచింది. దిగేటప్పుడు వేళ్లు ముందుకి తగల్లేదు. కొండ మీద సంఘంవాళ్లు పెట్టిన బోర్డులో ఒక ఒత్తు లేదు. జేబులోంచి పెన్సిలు తీసి పెట్టేసి వచ్చింది.

సోమవారం కాళ్లు బల్ల కింద బారచాపుకుని ప్రూఫు చూస్తుంటే మళ్లీ తమ్ముడి ఫోను. ఈసారి ఎండల ప్రసక్తి లేదు.

"అక్కా, మీ మరదలు పొద్దున్నుంచీ తనకీ ఓ కొత్త జోడు కావాలంటోంది. ఉన్నది మరీ బిగుతైపోయిందట, ఊపిరాడనివ్వడం లేదట. బూట్ల సంగతేగా?"

ఒత్తులత్త పెన్సిలు పళ్లమధ్య పెట్టుకుంది. వంటగదిలో తలెత్తకుండా కప్పులు తుడిచిన మనిషి గుర్తొచ్చింది.

"ఏమోరా. ఆ మాటకి రెండర్థాలున్నాయి" అంది. "వెళ్లి అడుగు. కానీ ఈసారి ముందు సంతోషపడి, తరువాత అడుగు."