బుట్ట దింపేముందు నీళ్లు

మంగినపూడి వైపు పల్లెల్లో చేపలమ్మే ఆడవాళ్లు ఫోన్‌లోనే వేలంపాట పెట్టుకునేలా మేము బందరులో ఒక వెబ్‌సైట్ తయారుచేస్తున్నాం. దాన్ని పరీక్షించడం నా పని. బ్రౌజర్ తనంతట తానే తెరుచుకుని, మనిషిలాగే బటన్లు నొక్కుతూ పోయే పరీక్షలు ఆర్నెల్లు కూర్చుని రాశాను. ఒక్కొక్కటి విడిగా నడిపితే అన్నీ పాసే. వరసగా నడిపితే మాత్రం సగం ఫెయిలు.

మా ఓనరుగారికి విసుగొచ్చింది. సాయంత్రం లోపు దారికి రాకపోతే అవన్నీ తీసేసి చేత్తోనే చూసుకుందామన్నారు. నా ఆర్నెల్లూ చెత్తబుట్టలోకన్నమాట. ఊరుకుంటానా!

రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చే మా ప్రోగ్రామరు తప్పంతా నా పరీక్షలదే అన్నాడు. ఒక్కో పరీక్ష అయిపోగానే డేటాబేస్ ఖాళీ అయ్యే ఏర్పాటు తను ఎప్పుడో చేశాడట. పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాను. ఒక పరీక్ష మధ్యలోనే ఆగిపోయింది. చివరిదాకా వెళ్లలేదు కాబట్టి ఖాళీ చేయడమూ జరగలేదు. తర్వాతి పరీక్ష బుట్టలేవీ ఉండవనుకుని వస్తే, ముందటిది నమోదు చేసి వదిలేసిన రొయ్యల బుట్ట అక్కడే కూర్చుని ఉంది. ఇక అక్కడి నుంచి తెర మీద అన్నీ ఎరుపే, అంటే ఫెయిలే.

చటుక్కున రేవు గుర్తొచ్చింది. వివరాలు రాసుకోవడానికి వెళ్లినప్పుడు, తడిగా మెరుస్తున్న నేల మీదే ఒకావిడ మళ్లీ బకెట్ నీళ్లు కుమ్మరించి బుట్ట దింపింది. నీళ్లు దండగ కదా అని వాదన పెట్టుకున్నాను.

"నా ముందు దింపినామె బాగా కడిగిందో, బస్సొచ్చిందని సగంలో వెళ్లిపోయిందో నాకేం తెలుసమ్మా? నా చేప దిగే నేల నేనే కడుక్కుంటా" అంది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఖాళీ చేయడం చివర కాదు, మొదట పెట్టమన్నాను.

"ముందైనా వెనకైనా కడగడం ఒకటేగా అక్కా?"

"చచ్చిన పరీక్ష లేచొచ్చి కడుగుతుందా తమ్ముడూ?"

నవ్వేసి, ప్రోగ్రాములో ఆ ఒక్క లైన్‌ని పైకి జరిపాడు. మళ్లీ నడిపాం. పచ్చ, పచ్చ, పచ్చ! ఒక్కటే ఒక్కటి ఎర్రగా మిగిలింది, ఇందాక మధ్యలో ఆగిపోయిందే. అప్పుడే వచ్చిన ఓనరుగారు దాని మీద వేలు పెట్టి, మరి ఇదేమిటండీ అన్నారు.

"ఇదే నిజం చెబుతోందండీ. ఇన్నాళ్లూ ఆ గోలలో మనకి వినపడలేదు."

నా ఫోన్ తీసి ఆయన ముందే, ఆ పరీక్ష చేసినట్టే ఒక బుట్ట నమోదు చేశాను. నెట్ నెమ్మదిగా ఉందని బటన్ రెండుసార్లు నొక్కాను, అందరూ నొక్కినట్టే. ఒక్క బుట్ట రెండై కూర్చుంది.

ఓనరుగారు "పరీక్షలు ఉంచండి" అన్నారు.

గుడివాడ బస్సు వెళ్లిపోయింది. తమ్ముడు గడియారం వైపైనా చూడకుండా ఆ బటన్ సంగతి తేల్చే పనిలో పడ్డాడు.