పడమటి ఒడ్డున దోసెడు నీళ్ళు

నిన్న మా బడిలో పనిచేసే ఒక దీదీ కేరళ వెళ్ళివచ్చి నా చేతిలో అరటికాయ చిప్స్ పొట్లం పెట్టింది. ఇంటికి వచ్చేదాకా ఆగలేక ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో ఆటోలోనే విప్పాను. కొబ్బరినూనె వాసన గుప్పుమంది. పక్కనున్న పెద్దమనిషి ముఖం అటు తిప్పుకున్నాడు. మన వాళ్ళకు ఆ నూనె తలకు రాసుకోవడానికే గాని తినడానికి కాదు. నాకు మాత్రం పైడమ్మ అత్త గుర్తొచ్చింది.

పైడమ్మ అత్త మాకు చుట్టం కాదు, రైల్వే క్వార్టర్సులో మా పక్కింటావిడ. పలాస దగ్గరి పల్లెటూరి నుంచి కోడలిగా వచ్చింది. భర్త సింహాచలం మామ వర్క్‌షాపులో రైలుపెట్టెలకు రంగులేసేవాడు. తాను రంగేసిన పెట్టెలు పడమటి సముద్రం దాకా పోతున్నాయనీ, రిటైరయ్యాక తామూ పోదామనీ ఆవిడతో అంటుండేవాడట. మా రైల్వేవాళ్ళ సంగతి తెలిసిందే. దేశమంతా తిరగడానికి పాసు చేతిలో ఉన్నా ఏటేటా అదే బండి, అదే ఊరు, అదే అమ్మవారి పండగ. అలా ఒకసారి ఆవిడ పండక్కి ఊరెళ్ళి ఉండగా మామ ఇక్కడ డ్యూటీలో కుప్పకూలి పోయాడు. ఆవిడ బండి దిగేసరికి అంతా అయిపోయింది. ఆయన్ని సాగనంపలేకపోయానన్న మాట ఆవిడ ఏడుస్తూ అనేది కాదు. బియ్యంలో రాళ్ళేరుతూ మామూలుగా అనేది. అందుకే వినలేకపోయేదాన్ని.

కొన్నేళ్ళకు ఆవిడ చూపు తగ్గసాగింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ డాక్టరు తేల్చేశాడు. మరుదులు, ఆడపడుచులు అందరిదీ ఒకటే మాట. పాసు రాయించుకుని అరసవల్లి వెళ్ళి సూర్యదేవుడికి మొక్కుకోమన్నారు. కళ్ళ జబ్బుకు మా వైపు అంతకు మించిన దిక్కు లేదు. ఆవిడ పాసు రాయించింది గాని, కేరళకు రాయించింది. భర్త పోయినవాళ్ళు ఆ పాసు మీద తోడుగా ఒకరిని తీసుకెళ్ళవచ్చు. నన్ను రమ్మంది. వాళ్ళంతా ఏమంటారో అని నేను నసిగాను.

"అరసవల్లి దేవుడు అక్కడ పొడవడేటి? కళ్ళున్నప్పుడే మీ మామ సెప్పిన సముద్రం సూసేస్తాను, అమ్మీ."

నేను చూసిన ప్రపంచం కూడా అప్పటికి ఖరగ్‌పూర్, మా ఊరు, మధ్యలో రైలు కిటికీ. పులిహోర, చేగోడీలు కట్టుకుని బయలుదేరాం. అలెప్పీలో కాలువల మీద ఊరూరూ ఆగే మామూలు పడవ ఎక్కాం. ఆగినచోటల్లా ఎవరో ఒకరు నేరుగా తమ ఇంటి మెట్ల మీదికి దిగిపోతున్నారు. అత్త కొంగు తలకు చుట్టుకుని, కళ్ళు చికిలించి అన్నీ చూసింది. కాలువ పైన నిండుగా పారుతోంది, గట్టుకు అవతల వరిచేను దిగువన ఉంది. రైతుబిడ్డ కదా, ఆవిడకు అది మింగుడుపడలేదు. చేను మునిగిపోకుండా ఎవరు కాస్తున్నారని అడిగింది. గట్టే కాస్తోందన్నాను. చెయ్యి నీళ్ళలో ముంచి కూర్చుంది.

మర్నాడు చీకటితోనే నన్ను లేపి సముద్రపొడ్డుకు నడిపించింది. ఉదయిస్తున్న సూర్యుడికి దోసెడు నీళ్ళు వదలాలని ఆవిడ కోరిక. మోకాళ్ళదాకా దిగి, దోసిలి పట్టి, సముద్రంకేసి చూస్తూ నిలబడింది. పక్కన నేనూ అంతే. ఆకాశం తెల్లబడింది, నీళ్ళు తెల్లబడ్డాయి, సూర్యుడు మాత్రం రాడు. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన కాసేపు మమ్మల్ని చూసి, నవ్వు ఆపుకుంటూ మా వెనక్కి చెయ్యి చూపించాడు. తిరిగి చూస్తే కొబ్బరిచెట్ల మీద బారెడు పొద్దెక్కి ఉంది. పుట్టినప్పటినుంచీ సముద్రంలోంచి సూర్యుడు రావడమే ఎరిగిన వాళ్ళం. బడిలో దిక్కులు చెప్పే నాకే తట్టలేదు. అత్త దోసిట్లో నీళ్ళన్నీ కారిపోయేలా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

"అయితే ఇక్కడ ములుగుతాడన్నమాట. సాయంత్రం వద్దాం," అంది.

మా తిరుగు బండి మధ్యాహ్నమే. వదిలేస్తే జనరల్ పెట్టెలో నిలబడి పోవాలనీ, నా సెలవు కూడా అయిపోయిందనీ చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, బతిమాలలేదు.

"మళ్ళీ వస్తాననుకో. అప్పటికి కళ్ళెక్కడ తెస్తాను?"

బండి వదిలేశాం. సాయంత్రం అదే చోట నిలబడ్డాం. కానీ వెలుతురు తగ్గేకొద్దీ ఆవిడ చూపూ తగ్గిపోయింది. ఎదురుగా ఎర్రటి మసక తప్ప ఏమీ కనబడటం లేదంటూ నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఇంతదూరం వచ్చి ఇదేమిటని దేవుడి మీద కోపమూ వచ్చింది. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, చాలా అందంగా ఉందత్తా అన్నాను.

"అందం నాకెందుకే? ఏటి అగుపిస్తందో అది సెప్పు."

చెప్పాను. కింది అంచు నీళ్ళకు తగిలి చపాతీలా అణిగిందని, మధ్యలో సన్నటి మబ్బు అడ్డంగా ఉందని, ఒక కుక్క కెరటం మీదికి మొరుగుతోందని. సగం దిగాడని. పావు మిగిలాడని. ఆవిడ వంగి దోసెడు నీళ్ళు తీసుకుంది. నేను భుజాలు పట్టుకుని సూర్యుడికి సరిగ్గా ఎదురుగా తిప్పాను. నీళ్ళు నెమ్మదిగా వదిలింది.

"ఇప్పటికి సాగనంపినాను," అంది.

తిరుగు ప్రయాణంలో విజయవాడ దాకా బాత్‌రూమ్ పక్కన మూటల మీద కూర్చున్నాం. ఆవిడ హాయిగా నిద్రపోయింది. తరవాత కొద్దికాలానికే చూపు పూర్తిగా పోయింది. నాకు తిరుగుడు పిచ్చి అంటించి తాను మంచాన కూర్చుంది. నేను ఎక్కడికెళ్ళి వచ్చినా, కాళ్ళు కడుక్కోకముందే ఏటి సూసినావని అడిగేది. బాగుందంటే ఒప్పుకునేది కాదు. చెప్పడం కోసమే నేను చూడటం నేర్చుకున్నాను. ఆవిడ పోయినప్పుడు నేను ఊళ్ళోనే, పక్కనే ఉన్నాను. అదొక్కటే నా అదృష్టం.

నిన్న ఆ పొట్లం పట్టుకుని మేడ ఎక్కాను. వర్క్‌షాపు కప్పుల మీద పొద్దు వాలుతోంది. పక్క మేడ మీద బట్టలు తీస్తున్న పిల్ల వింతగా చూసినా సరే, పైకే చెప్పాను.

"సగం దిగాడత్తా. మబ్బు లేదు."