పుంగనూరు సారు అడిగిన పోగుల లెక్క

పుంగనూరు కంప్యూటరు సారు పోయారని మొన్న ఫోన్ వచ్చినప్పుడు నేను కుప్పంలో ఒక చీరల అంగట్లో కొత్త అంచులు చూపిస్తున్నాను. ల్యాప్‌టాప్ మూసేశాను. "మీ బంధువులా అమ్మా?" అన్నాడు అంగడాయన. అవునన్నాను. నిండుగా బతికిన మనిషి. ఎప్పుడు కలిసినా "బాగుండావా" కంటే ముందు "ఫైళ్లకు ఇంకో కాపీ ఉండాదా?" అని అడిగేవారు.

నాది మదనపల్లె. పట్టుచీరలకు అంచులు, కొంగులు కంప్యూటర్లో గీసిస్తాను. కొన్నేళ్ల కిందట మూడు వారాలు జ్వరంతో మంచం పట్టి లేచాక, గుర్తున్న పాస్‌వర్డ్ కొడితే కంప్యూటరు తెరుచుకోలేదు. ఏడాదిపాటు గీసిన డిజైన్లన్నీ లోపలే. వేరే కాపీ లేదు, ఉంచుకునే తెలివి అప్పటికి రాలేదు. మా ఊళ్లో చూపిస్తే అంతా తుడిచేసి కొత్తగా వేస్తామన్నారు. పుంగనూరులో ఒక సారు కంప్యూటర్లు బాగుచేస్తారని విని బస్సెక్కాను.

సారుది ఇరుకు అంగడి. ఎవరిదో కీబోర్డులో దుమ్మును పాత షేవింగ్ బ్రష్‌తో దులుపుతూ నా గోడు మొత్తం విన్నారు.

"డిస్కుకు గూడా తాళం పడుండాదమ్మా. పగలగొడితే నీ బొమ్మలు రావు. మిషన్ను యాల తిప్పలు పెట్టేది? నిన్నే అడుగుదాం."

టీ తెప్పించారు. అది తాగేదాకా కీబోర్డు ముట్టనివ్వలేదు. ఎవరొచ్చినా అంతే. "బయపడిన చేతికి ఏమీ గుర్తుండదు" అనేవారు.

"పాస్‌వర్డ్ పెట్టిన పొద్దు ఏం చేస్తాంటివి?"

"ఒక పువ్వుల అంచు ముగించినాను సార్. ఆ పువ్వు పేరు, అంచులో పోగుల లెక్క కలిపి పెట్టినాను. రెండు వందల నలభై. ఎన్నిసార్లు కొట్టినా తప్పంటాండాది."

పువ్వు పేరు మీకు చెప్పను. సారుకూ చెప్పలేదు.

"గీసినప్పుడు రెండు వందల నలభై. మరి నేసినప్పుడు?"

ఆ మాట నాకు తట్టనే లేదు. మగ్గం నేసే మా అన్నకు ఫోన్ చేసి ఆ అంచు సంగతి అడిగాను. మగ్గం చప్పుడు మధ్యలోనే అరిచి చెప్పాడు: "అంచు గట్టిగా నిలవల్లని ఎనిమిది పోగులు ఎక్కువేసినాం గదమ్మా! ఆ పొద్దే నువ్వు కంప్యూటర్లో గూడా దిద్దితివి."

సారు లేచి గోడవైపు తిరిగి నిలబడ్డారు. "కొట్టమ్మా. నేను సూడను."

రెండు వందల నలభై ఎనిమిది. తెరుచుకుంది. నెమళ్లు, మామిడి పిందెలు, ఒక్కొక్క ఫైలూ తెరిచి చూసుకుంటూ, అన్నీ ఉన్నాయని మురిసిపోతూ, పక్కన మనిషి ఉన్న సంగతే మరిచాను.

చాలాసేపటికి గోడవైపు నుంచి వినిపించింది.

"అమ్మా, ఇంక నేను తిరగొచ్చునా?"