ఖాళీ ఆఫీసుకు కాపలా

హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు కాపలాదారుణ్ణి. నిరుడు బంద్ రోజు పొద్దున్నే డ్యూటీ ఎక్కాను. పైన లైట్లు వెలుగుతుంటే రాత్రి షిఫ్టు వాళ్లు లోపలే ఉన్నారనుకున్నాను. ఇంతలో జెండాలతో ఇరవై మంది వచ్చారు. అద్దాల తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

“ఆఫీసు బంద్ పెట్టియ్యి, కాకా.”

“లోపల పిల్లలున్నరు తమ్మీ. రాయి ఏస్తే నా మీదనే ఎయ్యి, గీ అద్దమంత ఖరీదు లేదు నాకు.”

నవ్వుతారనుకున్నాను. నిజంగానే వేశారు.

నుదుటికి ఆరు కుట్లు పడ్డాక మేనేజరు ఫోన్ చేశారు. “లోపల ఎవరూ లేరండీ. రాత్రే అందరికీ మెయిల్ పెట్టి ఇళ్లకు పంపేశాం. మీకు చెప్పడం మర్చిపోయాం.”

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు.

మళ్లీ బంద్ వస్తే ఏం చేస్తావని ఇంట్లో అడుగుతుంటారు. నిలబడతాను. ఏడో తరగతి దాకా బడిలో నేను నేర్చుకున్నది బెంచీ మీద నిలబడటమే కదా.