పచ్చగీతను నమ్మని అక్క

మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడ్‌గా ఉండిన ఆవిడ పోయిందని మొన్న ఫోను వచ్చింది. నేను బెంగళూరులో మారతహళ్ళి సిగ్నల్ దగ్గర ఆఫీసు క్యాబులో ఉన్నాను. "సరే" అన్నాను. చావు కబురుకి ఎవరైనా సరే అంటారా? ఆఫీసుకు వెళ్ళి టిఫిన్ కూడా తిన్నాను. ఇంతవరకూ ఏడుపు రాలేదు.

ఆవిడది చిక్కపేటలో ఎప్పుడో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆఫీసులో అందరికీ మేడమ్, నాకు మాత్రం అక్క. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే ముందు నా మూతలోకి ఇంత చిత్రాన్నం వచ్చేది.

మేం చేసిన సాఫ్ట్‌వేర్ ఆసుపత్రుల్లో రోగి నరంలోకి మందు కొద్దికొద్దిగా ఎక్కించే పంపుది. నర్సు పొరపాటున మోతాదు ఎక్కువ కొడితే ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. నిజంగా ఆగుతుందా అని టెస్టులు రాశాం. కావాలని తప్పు మోతాదు ఇస్తాం, ఎర్రర్ వస్తే పట్టుకుంటాం, టెస్టు పాసు. విడుదల రోజున, టెస్టులన్నీ పాసైతే తెర మీద వచ్చే ఆకుపచ్చ గీత నిండుగా ఉంది. మేనేజరు మైసూర్‌పాకు తెప్పించాడు.

అక్క మాత్రం ప్రోగ్రాంలో మోతాదు సరిచూసే భాగాన్ని తీసేసి టెస్టులు మళ్ళీ నడిపింది. ఇప్పుడు టెస్టులు ఫెయిలై గీత ఎర్రబడాలి. పచ్చగానే ఉంది! ఎర్రర్ వస్తే పట్టుకోమని రాశాం గానీ, రాకపోతే టెస్టు ఫెయిల్ అనే లైను ఎవరూ రాయలేదు. ఆ టెస్టుల్లో సగం ఆవిడ రాసినవే.

"తప్పు నాదే ఉండాది సార్. ఈపొద్దు పంపించేది వద్దు."

"కోడ్ మీరే చెడగొట్టి టెస్టు బాలేదంటే ఎలా మేడమ్? అసలు కోడ్ బాగానే ఉందిగా" అన్నాడు మేనేజరు.

"ఈపొద్దు బాగుండాది. రేపు ఎవరో మారుస్తారు. అప్పుడు చెప్పేవాళ్ళు ఎవురు? ఆ మంచం మీద ఉండేది మన అమ్మే అనుకోండి సార్."

విడుదల ఆగింది. ఆ ఏడు ఆవిడకి ప్రమోషన్ రాలేదు. దాని గురించి నేనే గొణిగాను, ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. ఇప్పటికీ ఏ టెస్టు రాసినా ఒకసారి ఎర్రగా చూసుకున్నాకే నమ్ముతాను. నాకు వచ్చిన పని ఆవిడ పెట్టిన భిక్షే.

పోయిన నెల అక్కను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. మంచం పక్కన పంపు. "ఇది మనది కాదప్పా, ఎవురు చేసిండారో" అంది. మాటల్లో పడి మోచెయ్యి మడిచేసరికి ట్యూబు నొక్కుకుపోయి పంపు అరిచింది. నర్సు పరుగున వచ్చి చెయ్యి సరిగా చాపించి వెళ్ళింది.

అక్క తలుపు వైపు ఓసారి చూసి, నెమ్మదిగా చెయ్యి మళ్ళీ మడిచింది. పంపు మళ్ళీ అరిచింది.

"పని చేస్తా ఉండాదప్పా" అంది. నర్సు విసుక్కుంటూ వస్తోంది. అక్క చెయ్యి చాపకుండా, పంపు మీద మిణుకుమంటున్న ఎర్రలైటు వైపే చూస్తూ పడుకుంది.