మోగిన కుండ, మోగని కుండ

మా ఆయన రాజలింగం కుండను ముట్టుకోకుండానే అది ఎంత కాలిందో చెప్పగలడు. పక్కన ఎవరైనా వేలి గణుపుతో కొడితే చాలు, తల కూడా తిప్పకుండా "గది సరిగ కాలలే, పక్కకు పెట్టు" అంటాడు. గూడూరు సంతలో కొనేవాళ్లు కూడా కుండను కొట్టి చూసే కొంటారు. కానీ వాళ్లకు తెలిసేది కొంత, చేసినవాడికి తెలిసేది అంతా. ఆ తేడాను ఆయన తన బతుకులో ఒక్కసారే వాడుకున్నాడు. అదీ నా కోసం. దానివల్ల కింది వాడ మరియమ్మ తన మొగుడిని నమ్మడం మానేసింది. మేమిద్దరం తొమ్మిదేళ్లు నోరు మూసుకుని ఉన్నాం. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి.

డెబ్బై రెండులో కరువు వచ్చి బావులన్నీ ఎండిపోయాయి. కుమ్మరి ఇంట్లో నీళ్లు తాగడానికే కాదు, మట్టి తడపడానికీ కావాలి. దూరంగా ఉన్న దిగుడు బావికి పోయి మెట్ల మీద జారి పడ్డాను. నడుము పట్టేసి నెల రోజులు మంచం దిగలేదు. వంట ఆయనే చేశాడు, నీళ్లూ ఆయనే మోశాడు. ఆ కూరలు ఎట్లా ఉన్నాయో ఇప్పుడెందుకులెండి.

అప్పుడే ఊరికి ఒక బోరింగ్ మంజూరైంది. ఆఫీసర్లు వచ్చి నీళ్లు పడే చోట్లు రెండు చూపించారు. ఒకటి మా పై వాడలో, మా వాకిలికి ఇరవై అడుగుల దూరంలో. రెండోది వాగు అవతల కింది వాడలో. మీలో మీరే తేల్చుకోండని చెప్పి పోయారు. మావి ముప్పై నాలుగు ఇళ్లు, వాళ్లవి నలభై ఒకటి.

బడి పంతులు దయాకర్ సారు ఇంటికొక ఓటు అన్నాడు. చదువు వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి చీటీలు వద్దని, చింతగింజలు వేయమన్నాడు. బడి గదిలో రెండు కుండలు పెడతారు. సున్నం గీత కుండ పై వాడది, ఎర్రటి జాజు గీత కుండ కింది వాడది. ఒక్కొక్కరే లోపలికి పోయి, తలుపు దగ్గరకు వేసుకుని, గింజ వేసి రావాలి. ఎవరు ఎందులో వేశారో ఇంకొకరికి తెలియదు. కుండలు చేసే పని మా ఆయనకు ఒప్పజెప్పారు.

ఆయన రెండూ ఒకే తీరుగా చేశాడనే నేను అనుకున్నాను. గీతలు గీసింది నేనే.

ఓట్ల రోజు మా పై వాడలో ఉండే పటేల్ బడి అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కింది వాడలో సగం మంది ఆయన పొలాల్లో పని చేసేవాళ్లే. మరియమ్మ మొగుడు యోసేపు ఆయన దగ్గర జీతగాడు. మరియమ్మ గింజను మొగుడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, "ఎర్ర గీత. మర్చిపోయినవో, ఇంటికి రాకు" అని పంపింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. యోసేపు కూడా నవ్వాడు.

కింది వాడ మొదటి మనిషి లోపలికి పోయాడు. కుండ ఖంగుమంది. పటేల్ తల తిప్పి తలుపు వైపు చూశాడు. రెండో మనిషి పోయాడు. మళ్లీ ఖంగుమంది, మళ్లీ చూశాడు. ఏమీ అనలేదు, చూశాడు అంతే. మా వాడవాళ్లు పోతే మాత్రం మట్టి మీద రాలినట్టు చప్పుడే లేదు. కాసేపటికి వరుసలో ఉన్నవాళ్లంతా తలుపును వదిలి పటేల్ మెడ వైపే చూడసాగారు. ఆ తర్వాత మోతలు తగ్గాయి. యోసేపు పోయినప్పుడు మోగలేదు.

లెక్క పెడితే సున్నం గీత కుండలో నలభై ఏడు గింజలున్నాయి, జాజు గీత కుండలో ఇరవై ఎనిమిది. కింది వాడవాళ్లే పదమూడు మంది మాకు వేశారన్నమాట.

ఇంటికొచ్చాక ఆయన కాళ్లు కూడా కడుక్కోకుండా కూర్చున్నాడు.

"జాజు గీతదాన్ని పలుచగ కొట్టి, కుండలు కాల్చే వాముల నడుమ మంటకు పెట్టిన," అన్నాడు. "తెల్లదానికి అడుగు మందంగ చేసి, అంచున పెట్టి సగమే కాల్చిన. మోగితే భయపడ్తరని నాకెర్కే."

"ఎవరికన్న చెప్తివా?"

"లే."

"చెప్పకు," అన్నాను.

ఆ మాట నాది. ఆయన మీదకు తోయను.

బోరింగ్ మా వాకిట్లో పడింది. కింది వాడ ఆడవాళ్లు వచ్చినా, మా వాళ్లందరూ పట్టుకునేదాకా నిలబడాల్సి వచ్చేది. అది పడలేక చాలామంది వాగు ఇసుకలో చెలిమెలు తోడుకున్నారు. దూరం మోతకు కుండలు ఎక్కువ పగిలాయి. పగిలితే మా దగ్గరే కొన్నారు. జొన్న గింజలిచ్చి కుండ తీసుకుపోయే ఆ ఆడవాళ్ల ముఖం నేను చూసేదాన్ని కాదు.

ఆ పదమూడు మంది ఎవరని కింది వాడలో గొడవ మొదలైంది. మోత వినపడని ప్రతివాడూ "నేను కుండల చెయ్యి పెట్టి మెల్లగ అడుగున పెట్టిన" అన్నాడు. యోసేపూ అదే అన్నాడు. జీతగాడి మాట ఎవరు నమ్ముతారు? మరియమ్మే నమ్మలేదు. మొగుడు మంచినీళ్లు అడిగితే, "పోయి బోరింగ్ కాడ తాగు. నువ్వు ఏరుకున్నదే గద" అనేదట. రెండేళ్లు పడి, యోసేపు డోర్నకల్ స్టేషన్‌లో మూటలు మోయడానికి పోయాడు. క్రిస్మస్‌కు వచ్చి రెండు రోజులుండి పోయేవాడు. ఎనభైలో అక్కడే జ్వరమొచ్చి చనిపోయాడు.

మరుసటి ఏడు పంచాయతీ ఓట్లు వచ్చాయి. ఇప్పుడు కాగితం, ముద్ర, డబ్బా. వరుసలో మా ముందు మరియమ్మ ఉంది. వెనక్కి తిరిగి, "రాజలింగమన్నా, గీ డబ్బ మోగదు గద?" అంది. అందరూ నవ్వారు. ఆయన ముద్ర ఎక్కడ వేశాడో ఆయనకే తెలియదట.

తెల్లారి మేమిద్దరం ఆమె ఇంటికి పోయాం. ఆయన నిలబడే మొత్తం చెప్పాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

"నా మొగడు ఏ కుండల వేసిండో నీకెర్కేనా?"

"ఎర్క లేదు, చెల్లె."

"మరి ఎవ్వరికెర్క?"

ఆమె చాటలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

"నాకు చెప్తే ఏమొస్తది?" అంది. "ఆయన ఉన్నప్పుడు చెప్తే, కనీసం నీళ్లన్న ఇద్దును. పో, వాడ మొత్తానికి చెప్పు."

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆయన అట్లాంటి కుండలే రెండు తెచ్చి, అందరి ముందు గింజలు వేసి వినిపించాడు. కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. వాళ్లలో ముసలి పెంటయ్య ఒక కుండను చేతిలోకి తీసుకుని, "మోగేటట్టు చేసింది నువ్వే, రాజలింగం," అన్నాడు. "కని పక్క కుండల వేసిన చెయ్యి మాదే గద." మా ఆయనకు ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది. తప్పు దించుకుందామని పోయినవాడు, ఇంకొంత ఎత్తుకుని వచ్చాడు.

అప్పటి నుంచి మరియమ్మ మా దగ్గర కుండ కొనదు. కానీ పొద్దున్నే బోరింగ్ దగ్గరకు వస్తుంది, ఎవరి వంతు కోసమూ ఆగదు. నేను పోయి పిడి పట్టుకుని కొడతాను. వద్దనదు, కుండ నింపుకుని పోతుంది.

మొన్న కొత్త కుండ తెచ్చింది. ఎక్కడో సంతలో కొన్నదే. నీళ్లు పడుతుంటే ఆ చప్పుడు విని నాకు తెలిసిపోయింది. కొట్టడం ఆపాను.

"మరియమ్మా, గీ కుండ సరిగ కాలలే. రెండు రోజులల్ల కారుతది. మార్పిచ్చుకో."

ఆమె కుండ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"గిది మాత్రం ఎంటనే చెప్పినవు," అంది.