పునాది లేని యాదగిరి సార్

మైక్రోస్కోపు కటకానికి అంటిన నూనెను మెత్తటి కాగితంతో తుడిచేటప్పుడు దేవదారు చెక్క వాసన ఒకటి లేస్తుంది. ఇప్పుడు నేను పనిచేసే ఖమ్మం ల్యాబులో మలేరియా పరీక్షకు ఎక్కువగా స్ట్రిప్పులే వాడతాం కాబట్టి ఆ నూనె సీసా మూత తీసేది అరుదు. నిన్న తీశాను. తీసిన మరుక్షణం యాదగిరి సార్ మీద కోపం వచ్చింది. ఆయన పోయి ఏడాది దాటింది. పోయిన మనిషి మీద కోపమేమిటని మీరు అడగవచ్చు. బతికున్నన్నాళ్లూ నాతో వాదనకు సరిగ్గా కూర్చోని మనిషి మీద ఇంకెప్పుడు కోపగించుకోవాలి?

భద్రాచలం అడవి అంచున ఒక ఆరోగ్య కేంద్రంలో నా మొదటి ఉద్యోగం. అక్కడ ఆయన సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్, నాకు పని నేర్పినవారు. మా నాన్న పాల్వంచ చర్చిలో సంఘకాపరి. నడక వచ్చేసరికే మోకాళ్ల ప్రార్థన కూడా వచ్చిన పిల్లను నేను. దైవభయం లేని మనిషి ఎవరూ చూడనిచోట ఏ తప్పుకైనా సిద్ధపడతాడని సండే స్కూల్లో నేర్చుకున్నాను, పెద్దయ్యాక పిల్లలకు నేర్పాను. మొదటి వారమే తెలిసింది, సార్ దేవుణ్ని నమ్మరని.

"పేరులనే దేవుణ్ని పెట్టుకున్నరు గద సార్" అన్నాను.

"నేను పెట్టుకోలె సువార్తమ్మా, మా నాయన పెట్టిండు. ఇప్పుడు కాయితాలు మార్చుడంటే పెద్ద లొల్లి" అన్నారు, కన్ను మైక్రోస్కోపు మీంచి తీయకుండానే.

ఆ పనికి ఒక నియమం ఉంది. స్లైడు అనే గాజు పలక మీద ఎండిన రక్తపు చుక్కను మైక్రోస్కోపులో ఒక్కసారిగా మొత్తం చూడలేం. గుండ్రటి చిన్న మేర ఒకటి కనిపిస్తుంది, దాన్ని ఫీల్డు అంటాం. మలేరియా పురుగు ఒక్కచోట కనబడితే చాలు, ఉందని రాయవచ్చు. లేదని రాయాలంటే మాత్రం వంద ఫీల్డులు చూడాలి. వెనక నిలబడి లెక్కపెట్టేవారు ఎవరూ ఉండరు. సార్ పెదవులు కదుపుతూ వందా లెక్కపెట్టేవారు. "జపమా సార్" అంటే నవ్వేవారు కాదు. పొద్దున్నే వచ్చి, నిన్న నేను 'లేదు' అని రాసిన వాటిలోంచి నాలుగు తీసి మళ్లీ చూసేవారు. నాకు ఒళ్లు మండేది.

"మా సంఘంల నన్ను ఎవ్వరూ అనుమానపడలే సార్."

"నా స్లైడ్లు నువ్వు గూడ చూడు. వద్దన్ననా?"

నేను ఒక్కసారి కూడా చూడలేదు.

వానాకాలంలో ఒక శుక్రవారం. పాల్వంచలో మా ఉపవాస ప్రార్థన, రెండు గంటలకు బస్సు. బల్ల మీద ఒకే గూడెం నుంచి వచ్చిన పదమూడు స్లైడ్లు. చివరి అయిదారింటికి ముప్పై, నలభై ఫీల్డులు చూసి 'లేదు' అని రాసి బస్సెక్కాను. ఆ సాయంత్రం సంఘం ముందు నిలబడి, ఉద్యోగంలో నన్ను నమ్మకంగా నిలబెడుతున్నందుకు దేవునికి స్తోత్రం అని సాక్ష్యం కూడా చెప్పాను. అబద్ధమాడుతున్నానని తోచలేదు. ఆ స్లైడ్లు నాకు గుర్తే లేవు.

శనివారం వెళ్లేసరికి సార్ కుర్చీలోంచి లేచి "చూడు" అన్నారు. చూశాను. సన్నటి ఉంగరంలా పురుగు. ప్రాణం తీసే రకం.

"ఎన్ని చూసినవ్?"

"వంద, సార్."

ఆయన మందుల డబ్బా సంచిలో పెట్టుకున్నారు. నేనే "నలభై" అన్నాను. "బండెక్కు, జల్దీ" అన్నారు.

దారి పొడవునా వెనక సీటు మీద ఏడుస్తూ ప్రార్థన చేశాను. క్షమాపణ అడిగాను, దొరికిందన్న నెమ్మది కూడా కలిగింది. గూడెంలో ఆ ఇంటి ముందు బండి ఆపి సార్ అన్నారు: "తల్లికి నువ్వే చెప్పు."

"మందులిచ్చి పోదాం సార్. ఆమెకేం తెల్వదు గద."

"అవ్, తెల్వదు. అందుకే చెప్పాలె."

"నేను దేవునితోని ఒప్పుకున్న సార్, తొవ్వలనే."

"దేవునికి జరం రాలె గదమ్మా. పిల్లకు వచ్చింది."

ఆ మాటకు ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు. ఎందుకంటే అన్యాయం చేసినవారి దగ్గరికి ముందు వెళ్లి, తర్వాతే దేవుని ముందుకు రమ్మన్నది మా బైబిలు వాక్యమే. నాకు ఏడేళ్ల వయసులోనే కంఠతా వచ్చు. ఈయన అది చదివింది లేదు, విన్నది లేదు. నాకే ఎదురు చెప్పడానికి ఎక్కణ్నుంచి తెచ్చుకున్నట్టు?

లోపల ఆరేళ్ల పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సార్ పిల్లను పరీక్షిస్తుంటే నేను తల్లి ముందు కూర్చుని చెప్పాను. నిన్న నేను సరిగ్గా చూడలేదు, పూర్తిగా చూడకుండానే మలేరియా లేదని రాశాను అని. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"పక్కింటి పిలగాని కాయితం గూడ నువ్వే రాసినవా?"

పిల్లను ఒళ్లో పెట్టుకుని నేను ఆటోలో భద్రాచలం దవాఖానాకు వెళ్లాను. సార్ వెనక్కి పోయి ఆ పదమూడు స్లైడ్లూ మళ్లీ చూశారు. పక్కింటి పిల్లవాడి రక్తంలోనూ పురుగు ఉంది. సాయంత్రానికి వాడికి మందు అందింది. నాలుగో రోజు పిల్ల లేచి గంజి తాగింది.

"ఆమె అట్ల అడుగుతదని మీకు ముందే తెలుసా సార్?"

"నాకేం తెలుసు."

"మరి ఎందుకు చెప్పమన్నరు?"

"పిల్ల ఆమెది గద."

ఇదా జవాబు? ఆ తర్వాత ఆరేళ్లు అడిగాను. మంచికి పునాది ఏది సార్, పైన అడిగేవాడు లేకపోతే ఎందుకు చేయాలి సార్, అని. "నువ్వు పునాది కాడ కూసో, నేను వార్డుల ఉంట" అనేవారు. నా పెళ్లికి వచ్చి, ఆరాధన అయ్యేదాకా చర్చి బయట వేపచెట్టు కింద పేపరు చదివి, సరిగ్గా భోజనాలకు లోపలికి వచ్చారు.

ఒక్కసారి మాత్రం ఆయన చేతులెత్తేయడం చూశాను. మా కేంద్రంలో మలేరియాతో కొడుకు చనిపోయిన ఒక తల్లి ఆయన చెయ్యి పట్టుకుని, "నా కొడుకు ఏడికి పోయిండు సారూ" అని అడిగింది. సార్ బయటికి వచ్చి, "నువ్వు పో లోపలికి. నా కాడ మాట లేదు" అన్నారు. నేను ఆమె పక్కన రాత్రయ్యేదాకా కూర్చున్నాను. బయటికి వచ్చాక "ఏం చెప్పినవ్" అని అడిగారు. దేవుని దగ్గర ఉన్నాడని చెప్పానన్నాను. ఎగతాళి చేస్తారనుకున్నాను. "మంచిది" అన్నారు. గెలిచానని పొంగిపోయాను. మర్నాడు చూస్తే మనిషి లేరు, ఆమె ఊరి నీటిగుంటల్లో దోమల మందు చల్లించడానికి పొద్దున్నే వెళ్లిపోయారట.

ఆయన చివరి రోజుల్లో నేలకొండపల్లి దగ్గర వాళ్ల ఊరికి వెళ్లి, ప్రార్థన చేయనా అని అడిగాను. "నీకు మంచిగనిపిస్తే చెయ్యి. నన్ను కండ్లు మూసుకొమ్మనకు" అన్నారు. చేసినంతసేపూ నన్నే చూస్తూ ఉన్నారు. ఆమెన్ అనగానే, "అయిందా? గా మందుబిళ్ల అందుకో" అన్నారు.

మంచితనం దేవుని నుంచే వస్తుందని ఈనాటికీ నమ్ముతున్నాను. సార్‌లో ఉన్నదీ దేవుడు ఇచ్చిందే, సార్‌కు తెలియకపోయినా. కానీ దైవభయం లేనివాడు ఏ తప్పుకైనా సిద్ధపడతాడన్న పాఠం వచ్చినప్పుడు పిల్లల ముందు నా నోరు పెగలదు. ఆ పాఠం ఇంకొకరికి అప్పగించేశాను. ఇంకొకటి కూడా మారింది. సాయంత్రం మోకరించే ముందు ఆ రోజు నావల్ల ఎవరికి ఏం జరిగిందో తలచుకుని, ముందు వాళ్లకు ఫోన్ చేస్తాను, లేదా వెళ్లి వస్తాను. నా ప్రార్థన రోజూ ఆలస్యమవుతుందని ఇంట్లో నవ్వుతారు.

మోకరించాక మొదటి మాట స్తోత్రం కాదు, ఫిర్యాదు. ప్రభువా, ఆ మనిషితో అంత పని చేయించుకున్నావు. ఎన్ని వానల్లో, ఎన్ని గూడేల్లో నీ పనికి తిప్పుకున్నావు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయనకు కనబడితే నీ సొమ్మేం పోయేది?